లోడు ట్రక్కుతో సడన్ బ్రేకు వేసేటప్పుడు క్లచ్చి జోలికెళ్ళకండి

ట్రాక్టర్‌కి ధాన్యం ట్రక్కు (అదే, వెనక కట్టే ట్రైలర్) తగిలించుకుని వెళ్తుంటే సడన్‌గా ఎవరైనా అడ్డమొస్తే ఎలా ఆపాలి, ట్రక్కుకి విడిగా బ్రేకులు పెట్టిస్తే ఉపయోగం ఉంటుందా అని అడిగారు కదండి. ఉంటుంది, పెట్టించండి. ఎందుకనేది మాత్రం నేను బోదెలో (పొలాలకి నీళ్ళెళ్ళే కాలవలో) పడ్డ సంగతి చెప్తేగానీ తెలీదు.

మాది కోనసీమ. ఏటిగట్టు మీంచి ఊళ్ళోకి దిగే ర్యాంపు ఒకటుంది, దిగుతుంటే కుడిపక్కంతా పంటబోదె. పదిహేనేళ్ళ కిందట దాళ్వా (రెండో పంట) మాసూళ్ళప్పుడు, అంటే కోతలప్పుడు, డెబ్బై బస్తాలు లోడెత్తాం, బస్తా 75 కేజీలంటే ఐదుంపావు టన్నులు, దానికి ట్రక్కు బరువు వేరే. ముందున్న ట్రాక్టరేమో రెండు టన్నులు, దానికీ వెనక చక్రాలకే బ్రేకులు. అంటే రెండు టన్నులది ఆపాలి, ఆరు టన్నుల పైన వెనకనుంచి తోస్తుంది. ఈ లెక్క అప్పుడు నా బుర్రలో లేదు, బైకు తోలడం వచ్చు కాబట్టి అన్నీ వచ్చనుకునే వయసు.

ర్యాంపు సగం దిగాక ఒక గేదె, దాని వెనక దాని దూడ. నేను రెండు కాళ్ళూ ఒకేసారి తొక్కేశాను, క్లచ్చీ బ్రేకూ. క్లచ్చి నొక్కగానే ఇంజన్ పట్టు పోయింది, ట్రక్కు ఒక్క తోపు తోసింది. పైగా పొద్దున చేలో మడి చివర తిప్పుకోడానికి ఎడం చక్రానికొకటి, కుడి చక్రానికొకటి ఉండే రెండు బ్రేకు పెడల్సునీ కలిపే లాకు తీశాను, మళ్ళీ వెయ్యలేదు. నా కాలు కుడి పెడల్ మీదే పడింది. కుడి టైరొక్కటే ఆగింది, ట్రాక్టర్ కుడికి తిరిగింది, ట్రక్కేమో తిన్నగా వస్తూ మడతపడి మూల తీసుకెళ్ళి పెద్ద టైరుకి ఆనించింది. ఆ రబ్బరు కాలిన వాసన ఇప్పటికీ గుర్తే. ముందు చక్రాలు బోదెలో, ఇరవై బస్తాలు నీళ్ళలో. మడ్‌గార్డు మీద కూచున్న బాబాయ్ (అక్కడ కూచోకూడదు, తెలుసు, అందరం కూచుంటాం) గట్టు మీదకి దూకేసి మొట్టమొదట అన్నమాట, "ఒరేయ్, క్లచ్చెందుకు తొక్కావురా?" గేదె మాత్రం నింపాదిగా వెళ్ళిపోయింది.

అంచేత దిగకముందే చిన్న గేరు, లాకు వేసి ఉందో లేదో కాలితో తడిమి చూసుకోవాలి, బ్రేకు ముందు, క్లచ్చి ఆగిపోయే చివర్లో. న్యూట్రల్‌లో దింపి డీజిల్ మిగుల్చుకుంటాననేవాళ్ళకి దండం.

తర్వాత ట్రక్కుకి పాత లారీ ఇరుసు, డ్రమ్ములు, గాలి బ్రేకు పెట్టించాం. అది పెట్టించినా వాడకం తెలియాలండి. ట్రక్కు బ్రేకు ట్రాక్టర్ దానికంటే ఒక వెంట్రుకవాసి ముందు పట్టాలి, అప్పుడు వెనక్కి లాగినట్టుంటుంది. ఆలస్యంగా పడితే మళ్ళీ అదే తోపుడు. ట్రక్కు ఊగుతోందంటే ట్రాక్టర్ బ్రేకు వదిలేసి ట్రక్కుదొక్కటే మెల్లగా పట్టుకోండి, సర్దుకుంటుంది. ఖాళీ ట్రక్కు, అందులో వాన పడిందంటే, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి జారుతుంది. రోజూ బయల్దేరగానే ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ ట్రక్కు బ్రేకొక్కటే వేసి చూసుకోండి.

అమెరికాలో మా పిన్నికొడుకు పికప్ వెనక పడవ ఈడ్చుకెళ్తాడు, వాళ్ళకి చాలా రాష్ట్రాల్లో 3000 పౌన్లు, అంటే సుమారు 1360 కేజీలు దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకు ఉండాల్సిందే. హుక్కు ఊడిపోతే దానంతటదే బ్రేకు పడేలా ఒక తీగ కూడా ఉంటుంది. మనవాళ్ళేమో సౌండు బాక్సులకి వేలకి వేలు పోస్తారు, వెనక ఎర్ర స్టిక్కరు అంటించమంటే బద్ధకం. రాత్రిపూట ఆ చీకటి ట్రక్కుల్ని గుద్దుకున్న బైకులు మా రోడ్డు మీదే ఎన్నో చూశాను. ఇంకా సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసేవాళ్ళు, మనం ఆగలేమని తెలిసీ ఓవర్‌టేక్ చేసి ముందుకొచ్చి బ్రేకేసే బైకువాళ్ళు, ఆ గొడవ ఇంకోసారి.

అన్నట్టు ఇప్పటికీ ఆ ర్యాంపు వచ్చిందంటే బాబాయ్ పైనే దిగిపోయి నడుచుకుంటూ వస్తాడు. ట్రక్కుకి బ్రేకులున్నాయి బాబాయ్ అంటే, "ఉంటే ఉన్నాయిలే, నువ్వు పదరా" అంటాడు.