‘సైలెంట్ నైట్’ క్రిస్మస్ కీర్తన రాసిందెవరు? బాణీ కట్టిందెవరు?

మన చర్చిల్లో ‘శుద్ధరాత్రి’ అని పాడుకునే ఈ కీర్తన పుట్టింది ఆస్ట్రియాలో. మాటలు జోసెఫ్ మోర్ అనే యువ కథోలిక గురువువి. 1816లో మరియాప్ఫార్ గ్రామంలో ఉండగా జర్మన్‌లో ఆరు చరణాల పద్యంగా రాశారు. రెండేళ్లకు సాల్జ్‌బర్గ్ దగ్గరి ఓబర్న్‌డార్ఫ్‌లో పనిచేస్తూ, 1818 డిసెంబరు 24న ఆ పద్యాన్ని ఫ్రాంజ్ క్సేవర్ గ్రూబర్ చేతికిచ్చి, రెండు గొంతులకూ గిటారుకూ సరిపోయే బాణీ కట్టమన్నారు. గ్రూబర్ పక్క ఊరి బడిపంతులు, ఆ చర్చిలో ఆర్గన్ వాయించేవారు. ఆ రాత్రి ఇద్దరూ కలిసే పాడారు, గిటారు మోర్ వాయించారు.

తర్వాత ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతపు గాయక కుటుంబాలు పాటను ఊరూరా పాడాయి. అది టిరోల్ జానపద గీతంగా అచ్చయింది, రాసినవారి పేర్లు మరుగున పడ్డాయి. ఇంత చక్కని బాణీ మహా సంగీతకర్తలైన హైడన్‌దో మొజార్ట్‌దో అయి ఉంటుందని చాలామంది అనుకున్నారు. పల్లెటూరి పంతులికి దక్కాల్సిన పేరు అలా చేజారడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. బాణీ ఎవరిదని బెర్లిన్ నుంచి ఆరా రావడంతో 1854లో గ్రూబరే జరిగింది రాసిపెట్టారు. మోర్ అప్పటికే, 1848లో, కన్నుమూశారు. 1995లో మోర్ చేతిరాత ప్రతి దొరికింది. అందులో బాణీ గ్రూబర్‌దని స్పష్టంగా ఉంది.

ఎలుకలు ఆర్గన్ కొరికేయడం వల్లే గిటారు వాడారన్న కథకు మాత్రం ఆధారం లేదు. గ్రూబర్ తన వివరణలో ఆ మాటే ఎత్తలేదు.