కౌంట్స్ బాగున్నా జలుబును వదిలేయొద్దు

ప్రశ్న: డాక్టరమ్మా, మాది తాడిపత్రి. పదేళ్ల మా బాబుకు లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. పెద్ద కీమోలు అయిపోయాయి. ఇప్పుడు రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు ఇస్తున్నాం. కౌంట్స్ (రక్తకణాల లెక్క) బాగున్నాయన్నారు. ఇంట్లో ఇద్దరికి జలుబు. వీడికీ నిన్నటి నుంచి ముక్కు కారుతోంది, జ్వరం లేదు. ఇంజెక్షన్ వేస్తే పోతుందని మా వీధి ఆర్‌ఎంపీ అంటున్నారు. శ్రావణంలో మా ఆడబిడ్డ పెళ్లి కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ఇంజెక్షన్ వేయించొద్దు తల్లీ. యాంటీబయాటిక్ అయితే వైరస్ మీద పనిచేయదు. స్టెరాయిడ్ అయితే ఇంకా ప్రమాదం, జ్వరం కనపడకుండా చేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువుంటే సూది గుచ్చినచోట కండలోకి రక్తం కారి వాపులా గడ్డ కట్టొచ్చు.

కర్నూలులో నా దగ్గరికొచ్చే తల్లులు కూడా "కౌంట్స్ బాగున్నాయి కదా మేడం" అంటారు. వాళ్లు చెప్పేది ఎక్కువగా న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల గురించి. అవి ముఖ్యంగా బ్యాక్టీరియా, ఫంగస్‌లతో పోరాడతాయి. వైరస్‌ను అదుపు చేయాల్సింది ముఖ్యంగా లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు. మీ బాబు మాత్రలు వాటినీ తగ్గిస్తాయి. అందుకే ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, అడినోవైరస్ లాంటి వైరస్‌లు మనకు ముక్కు దగ్గర ఆగితే, ఇలాంటి పిల్లల్లో ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెప్పించొచ్చు. దానిమీద బ్యాక్టీరియా కూడా చేరొచ్చు.

ఈరోజే మీ క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయండి. ముక్కులోంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేస్తే ఏ వైరసో తెలుస్తుంది. ఫ్లూ అనిపిస్తే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు వెంటనే మొదలుపెడతారు, రిపోర్టు కోసం ఆగరు. మొదటి రెండు రోజుల్లో ఇస్తే ఎక్కువ మేలు. కీమో మాత్రలు ఆపాలో వద్దో వాళ్లే చెప్పాలి, మీరు ఆపొద్దు.

థర్మామీటరు 101 చూపినా, 100.4 గంటసేపు ఉన్నా, ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి బయలుదేరండి. జ్వరం చూడకుండా పారాసెటమాల్ వేయొద్దు. ఎక్స్‌రే బాగుందన్నారని ధీమా పడొద్దు, మొదట్లో న్యుమోనియా సీటీ స్కాన్‌లోనే కనిపించొచ్చు.

పెళ్లంటారా, వానాకాలంలో మన దగ్గర ఫ్లూ ఎక్కువ. ఇంట్లో అందరూ ఇప్పుడే ఫ్లూ టీకా వేయించుకోండి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. బాబుకు కూడా డాక్టరునడిగి వేయించండి, సూది టీకానే, ముక్కులో కొట్టే స్ప్రే టీకా కాదు. జలుబు పూర్తిగా తగ్గితే మాస్కుతో తలంబ్రాలు చూపించి తీసుకొచ్చేయండి. కిక్కిరిసిన భోజనాల హాలు మాత్రం వద్దు. వచ్చిన చుట్టాల పిల్లల్లో ఎవరికైనా అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసిందని తర్వాత తెలిస్తే, వీడి ఒంటిమీద ఒక్క పొక్కు లేకపోయినా అదే రోజు డాక్టరుకు చెప్పండి. ముందుజాగ్రత్త మందులు తొలి రోజుల్లో ఇస్తేనే బాగా పనిచేస్తాయి.