పేరు పెట్టి పిలిస్తే కాకా పట్టినట్టా?

ప్రశ్న: అక్కా, నేను గాజువాకలో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజర్ని. మనుషులతో నాకు పడదని ఇంట్లో వాళ్లు అంటుంటే, డేల్ కార్నెగీ రాసిన ‘హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్’ తెలుగులో చదివాను. నవ్వుతూ పలకరిస్తున్నాను, అందర్నీ పేరు పెట్టి పిలుస్తున్నాను, మెచ్చుకుంటున్నాను. పని చెడితే తిడతాననుకోండి, అది ఎప్పుడూ ఉండేదే. నెల తిరక్కుండానే ఒక వెల్డర్ ముఖం మీదే, "ఏటి సార్, కాకా పడుతున్నారు?" అన్నాడు. అందరూ నవ్వారు. తప్పు నాదా, పుస్తకానిదా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, ఆ నవ్వులు ఎంత గుచ్చుకుని ఉంటాయో నాకు తెలుసు. కానీ "తిడతాననుకోండి" అని ఒక్క ముక్కలో దాటేశావు చూడు, నా కన్ను అక్కడే ఆగింది. 1936లో వచ్చిన ఆ పుస్తకం నవ్వుతోనో పేర్లతోనో మొదలవదు, ఎదుటి మనిషిని తప్పుపట్టొద్దు అనే మాటతో మొదలవుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత, 1863లో, శత్రుసైన్యాన్ని తప్పించుకుపోనిచ్చాడని తన సేనాని జనరల్ మీడ్ మీద అప్పటి అధ్యక్షుడు లింకన్ కోపంగా ఒక ఉత్తరం రాసి పంపకుండా ఉంచేసుకున్నాడని చదివావు కదా, అదీ ఆ మొదటి అధ్యాయంలోదే. పొద్దున్న పది మంది ముందు తిట్టి సాయంత్రం భుజం తడితే ఎవరైనా కాకా అనే అనుకుంటారు. ముఖస్తుతి వేరు, మనసులోంచి వచ్చే మెచ్చుకోలు వేరు అని కార్నెగీ కూడా గట్టిగానే రాశాడు.

పెదజాలారిపేట నుంచి మా వీధికి చేపల గంప తెచ్చే అత్త ఉంది. ఇన్నేళ్లలో నా పేరు అడగలేదు, పెద్దగా నవ్వదు కూడా. కానీ మా అమ్మకి ముళ్లు పడవని ఎప్పుడో ఒకసారి అన్నానేమో, అప్పట్నుంచి వంజరం దొరికిన రోజున మధ్య ముక్కలు ఆకులో చుట్టి, గంపలో ఓ పక్కన పెట్టి, "ముసలమ్మకి" అని నా చేతిలో పెడుతుంది, వేరేవాళ్లు అడిగినా ఇవ్వదు. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు, కానీ ఎదుటివాళ్ల మీద నిజంగా ధ్యాస పెట్టమని కార్నెగీ చెప్పింది ఇదే.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, ఓ నెల రోజులు మెచ్చుకోవడం ఆపెయ్. తప్పు కనబడితే పక్కకి పిలిచి చెప్పు, కోపం మరీ వస్తే రాత్రి కాగితం మీద పెట్టి ఇంట్లోనే ఉంచెయ్. ఆ వెల్డర్ దగ్గరికి టీ టైమ్‌లో వెళ్లి, "అందరి ముందు తిట్టాను, తప్పు నాదే" అను. వెంటనే కరగడు, ఇంకేదో అంటాడు కూడా. మధ్యలో అడ్డు తగలకుండా విను.