సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, కార్బన్ ఎందుకు పంచుకుంటుంది?

అష్టకం (బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు) నింపుకోవడానికని చెబితే సగం జవాబే. అసలు తేల్చేది శక్తి లెక్క. ఒక మోల్ (పరమాణువులను లెక్కించే ప్రమాణం) సోడియం వాయు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు లాగడానికి 496 కిలోజౌళ్లు కావాలి. ఉప్పులో సోడియంకు జోడీ అయిన క్లోరిన్ వాటిని తీసుకుంటే విడుదలయ్యేది 349 మాత్రమే. అంటే 147 లోటు! దాన్ని పూడ్చేది అయాన్లు (ఇలా విద్యుదావేశం పొందిన పరమాణువులు) స్ఫటికంగా పేరుకున్నప్పుడు వెలువడే సుమారు 787 కిలోజౌళ్లు. అయానిక బంధం నిలిచేది ఇందువల్లే.

కార్బన్ నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు లాగాలంటే 14,000 కిలోజౌళ్లు దాటుతుంది. గిట్టుబాటు కాదు, అందుకే ఎలక్ట్రాన్ జంటలను పంచుకుని సమయోజనీయ బంధం ఏర్పరుస్తుంది. లోహాల్లోనైతే బాహ్య ఎలక్ట్రాన్లు మొత్తం స్ఫటికానికి ఉమ్మడి ఆస్తి.

రుణవిద్యుదాత్మకతల (బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాక్కునే శక్తి) తేడా 1.7 దాటితే అయానికమే అన్న సూత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో తేడా దాదాపు 1.8, అయినా అది సమయోజనీయ అణువే.