పెద్ద స్టేడియం కడితే ఫుట్‌బాల్ టికెట్లు చవకవుతాయా?

సాధారణంగా కావు, ఎందుకంటే ధరను నిర్ణయించేది సీట్ల సంఖ్య ఒక్కటే కాదు, వాటికున్న గిరాకీ, నిర్మాణానికి చేసిన అప్పు, క్లబ్ ఎవరి అదుపులో ఉందన్నది కూడా. లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్ 2006లో సుమారు 38 వేల సీట్ల హైబరీని వదిలి 60 వేల సీట్ల ఎమిరేట్స్ స్టేడియానికి మారింది. అయినా అప్పు తీర్చవలసి ఉండటం, సీజన్ టికెట్ల కోసం వేలమంది వరుసలో ఉండటం వల్ల అక్కడి టికెట్లు ఇంగ్లండ్‌లోకెల్లా ఖరీదైన వాటిలోనే నిలిచాయి.

జర్మనీలో మైదానాలు పెద్దవి కాబట్టే టికెట్లు చవకని చాలామంది పొరబడతారు. అక్కడి డార్ట్‌మండ్ క్లబ్ మైదానంలోని దక్షిణ స్టాండులో సుమారు 25 వేలమంది నిలబడే ఆట చూస్తారు. జర్మనీలో తక్కువ ధరకు అసలు కారణాలు ఇలాంటి నిలుచునే చోటు, చాలా క్లబ్‌లలో ఓట్ల ఆధిక్యం సభ్యులైన అభిమానుల చేతిలో ఉండటం.