డేమ్ రిగ్ ‘నాటకాలాడింది’ అనవచ్చా?

ప్రశ్న: బ్రిటిష్ నటి డయానా రిగ్ గురించి పరిచయ వ్యాసం రాస్తూ ఇలా రాశాను: “డేమ్ రిగ్ షేక్‌స్పియర్ నాటకాలాడింది. అవెంజర్స్ ధారావాహికలో గూఢచారిలా నటించింది. మీడియాలో నటించి 1994లో టోనీ పొందారు.” ఏదో తేడాగా ఉందని మిత్రులు అంటున్నారు. తప్పెక్కడ?

సమాధానం: తప్పు ఒక్కచోట కాదు, కానీ అన్నీ సులువుగా దిద్దుకోగలిగేవే.

ముందు ‘నాటకాలాడింది’ సంగతి. “సురభివారు మాయాబజార్ ఆడారు” అంటే ఏ చిక్కూ లేదు. కర్త సమాజం, ఆడింది ఫలానా నాటకం. కర్త ఒక్క మనిషై, నాటకం బహువచనమైతే మాత్రం అర్థం బుకాయింపు వైపు జారుతుంది. “నా దగ్గరా నాటకాలాడుతున్నావ్?” అని ఇంట్లో రోజూ వినేదే. ‘వేషాలు వేసింది’ అన్నా అదే ప్రమాదం. ఏకవచనానికి ఈ దోషం లేదు: “స్థానం నరసింహారావు సత్యభామ వేషం వేశారు” అంటే ఎవరూ తప్పు పట్టరు. రిగ్ 1959లో షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లోని నాటక సంస్థలో చేరారు. 1962లో పీటర్ బ్రూక్ దర్శకత్వంలో ‘కింగ్ లియర్’ ఆడినప్పుడు రాజు చిన్నకూతురు కొర్డీలియా ఆమే. కాబట్టి “షేక్‌స్పియర్ నాటకాల్లో వేశారు” అనండి, లేదా పాత్ర పేరు చెప్పి “కొర్డీలియా పాత్ర ధరించారు” అనండి. రెండోదే మేలు, పాఠకుడికి సమాచారమూ అందుతుంది.

‘గూఢచారిలా’ అన్నదీ సరికాదు. ‘లా’ పోలికను చెబుతుంది, పాత్రను చెప్పేది ‘గా’. “రాణిలా నటించింది” అంటే రాణి ఠీవి కనబరిచిందనే, రాణి పాత్ర అని కాదు. “నిద్రపోతున్నట్టు నటించింది” అంటే అచ్చంగా బుకాయింపే. రిగ్ 1965 నుంచి 1968 వరకు అవెంజర్స్‌లో గూఢచారి ఎమ్మా పీల్‌గా నటించారు. ఇక్కడ పొల్లు తర్వాత విడదీసే గుర్తు టైపు చెయ్యకపోతే ‘పీల్గా’ అని అతుక్కుంటుంది, ‘రిగ్‌గా’ కాస్తా ‘రిగ్గా’ అయిపోతుంది.

అవెంజర్స్‌కు ‘ధారావాహిక’ నప్పదు. ఏ భాగం కథ ఆ భాగంలోనే ముగిసేది, ధారగా సాగలేదు. ‘టీవీ సిరీస్’ అంటే చాలు. ఆమె వృద్ధాప్యంలో ఒలెన్నా టైరెల్‌గా కనిపించిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ను ధారావాహిక అనండి, అక్కడ కథ నిజంగానే సాగుతుంది. అవెంజర్స్ పేరు పక్కన ‘1960ల బ్రిటిష్’ అని చేర్చడం మరవకండి. లేకపోతే పిల్లలు అదే పేరున్న హాలీవుడ్ సినిమాలనుకుని ఐరన్ మ్యాన్‌ను వెతుక్కుంటారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘మీడియా’. మీరు చెబుతున్నది యూరిపిడీస్ రాసిన గ్రీకు విషాద నాటకం, అందులో జేసన్ వదిలేసిన భార్య పేరది. తెలుగు పాఠకుడికి మాత్రం పత్రికలూ టీవీ ఛానళ్లే తోస్తాయి. ఇంగ్లిష్ ఉచ్చారణకు దగ్గరగా ‘మిడీయా’ అని రాసి, తొలిసారి ‘గ్రీకు నాటకం’ అని జతచేస్తే గందరగోళం పోతుంది. వాక్యం ఇలా మార్చవచ్చు: “గ్రీకు నాటకం ‘మిడీయా’లో నాయికగా నటించినందుకు 1994లో అమెరికా నాటకరంగ పురస్కారమైన టోనీ అవార్డు అందుకున్నారు.”

‘డేమ్’ అంటే బ్రిటన్‌లో మహిళలకిచ్చే, ‘సర్’కు సాటి బిరుదు. అది ఇంటిపేరుకు అంటదు. ‘డేమ్ డయానా రిగ్’ అనాలి, కుదించాలంటే ‘డేమ్ డయానా’. ‘సర్’కూ ఇదే పద్ధతి. ఆర్థర్ కాటన్ ‘సర్ ఆర్థర్’ అవుతాడే గాని ‘సర్ కాటన్’ కాడు. (మనవాళ్లు ‘కాటన్ దొర’ అని ఇంటిపేరుకే గౌరవం తగిలించారు, అది మన పద్ధతి.) ఆమెకు ఈ బిరుదు వచ్చిందీ 1994లోనే గనక, అంతకుముందరి సంగతులు చెప్పేచోట వట్టి ‘రిగ్’ చాలు.

‘ఆడింది’, ‘నటించింది’ అని మొదలుపెట్టి ‘పొందారు’తో ముగించారు. ‘-రు’ ఎంచుకుంటే బాల్యానికీ అదే వాడండి: “తండ్రి రైల్వే ఇంజనీరు కావడంతో ఎనిమిదేళ్ల వరకు బీకానేర్‌లో పెరిగారు, హిందీ నేర్చారు.”

మీరు అడగకపోయినా ఇంకొకటి. అవెంజర్స్‌లో తనకు కెమెరామన్ కన్నా తక్కువ ఇస్తున్నారని తెలిసి ఆమె గట్టిగా అడిగి పెంచుకున్నారు. ఆ ఘట్టం రాసేటప్పుడు సినిమా వార్తల అలవాటుకొద్దీ ‘పారితోషికం’ అనకండి. పరితోషం అంటే సంతోషం, సంతోషించి ఇచ్చేది పారితోషికం. ఇక్కడ ఆమె అడిగింది చేసిన పనికి రావలసిన డబ్బు. ‘వేతనం’ అనండి.