తత్త్వశాస్త్రం ముందుకెళ్తోందా: నీ చిత్తుప్రతి గురించి

చిరంజీవికి,

మొదటి రెండు పేజీలు కొట్టేయి. ప్లేటో మొదలు అందరి పేర్లూ వరసబెట్టి ‘ఇప్పటికీ ఏదీ తేలలేదు’ అంటే అది జాబితా అవుతుంది గానీ వ్యాసం కాదు. ఒక్క ప్రశ్న పట్టుకో. జ్ఞానం అంటే ఏమిటి? అది చాలు.

ఆగిపోయిన గడియారంతో మొదలుపెట్టు. ముళ్లు మూడు గంటల దగ్గర నిలిచిపోయాయి. ఒకామె సరిగ్గా మూడింటికే అటు చూసి, మూడైందనుకుంది. అనుకున్నది నిజం, గడియారం చూసే అనుకుంది. అయినా ఆమెకు టైము తెలుసనలేం. నిజమైన నమ్మకానికి తగిన ఆధారం తోడైతే జ్ఞానం అనే నిర్వచనం ఇక్కడ బెడిసికొట్టింది. 1963లో తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో చేసింది ఇదే పని. ఎనిమిదో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడిదీ ఇలాంటి ఉదాహరణే: మాంసం కాల్చడానికి నిప్పు రాజేశారు, పొగ ఇంకా లేవలేదు. ముసిరిన పురుగుల్ని దూరం నుంచి పొగ అనుకుని ‘అక్కడ నిప్పుంది’ అన్నాడొకడు. నిప్పు ఉంది!

పన్నెండు వందల ఏళ్లకు మళ్లీ అక్కడికే వచ్చామా అని నీ పాఠకుడు అడుగుతాడు. అడగనీ. తర్వాత జరిగింది చూపించు. ‘ఆలోచనలో తప్పుడు మెట్టు (గడియారం నడుస్తోందనుకోవడం లాంటిది) ఉండకూడదు’ అని నిర్వచనానికి అతుకు వేశారు. 1976లో తత్త్వవేత్త ఆల్విన్ గోల్డ్‌మన్ వ్యాసంలోని కొట్టాల ఉదాహరణ ఆ అతుకునూ ఊడదీసింది. దారి పొడవునా సినిమా సెట్టింగుల్లా ముందు గోడలే ఉన్న ఉత్తుత్తి కొట్టాలు, మధ్యలో నిజమైనది ఒక్కటి. చూసినవాడి కన్ను అదృష్టవశాత్తూ దాని మీదే పడింది. తప్పుడు మెట్టేదీ లేదు, అయినా తెలుసనడానికి మనసొప్పదు. ప్రతి నిర్వచనం పక్కనే దాన్ని పడగొట్టిన ఉదాహరణ రాయి. ఏది కాదో తెలియడం నా లెక్కలో ప్రగతే. నువ్వు ఒప్పుకోకపోతే కారణం చూపించు.

చిత్తుప్రతిలో ప్రగతినీ ఏకాభిప్రాయాన్నీ కలిపేశావు. మన ఎంపిక మన చేతిలో ఉండటం (స్వేచ్ఛా సంకల్పం), ప్రతిదీ ముందటి కారణాల వల్లే నిర్ణయమవడంతో (కార్యకారణ నియతి) పొసగుతుందన్న వైపు మొగ్గినవాళ్లు తత్త్వవేత్తల మధ్య జరిగిన 2009 సర్వేలోనూ 2020 సర్వేలోనూ దాదాపు 59 శాతమే. ఓట్లు కదల్లేదు, నిజమే. ఈలోగా వాదాలు కదిలాయా లేదా అన్నది ఆ అంకె చెప్పదు.

తేలిన ప్రశ్నలు తత్త్వశాస్త్రం వదిలి సైన్సుకు ఇల్లు మారతాయన్నది ఒక్క పేరాలో ముగించు. న్యూటన్ 1687 నాటి గ్రంథం పేరులో ఉన్నది ‘ప్రకృతి తత్త్వశాస్త్రమే’. ఆ వాదాన్ని మరీ సాగదీస్తే ఏ విజయమైనా తత్త్వశాస్త్రం ఖాతాలో వేసుకోవచ్చు.

శీర్షికలో ‘అంతులేని అన్వేషణ’ తీసేసి పంపు.